పట్టువిడుపులు

2005లో ఇటలీలోని బోర్మియోలో ఆల్పైన్ స్కీయింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. కంబైన్డ్ పోటీలో డౌన్‌హిల్ పరుగు మొదలుపెట్టిన కాసేపటికే అమెరికా ఆటగాడు బోడ్ మిల్లర్ కాలి నుంచి ఒక స్కీ ఊడి పక్కకు కొట్టుకుపోయింది. ఇంకెవరైనా అయితే అక్కడే కూలబడేవారు. మిల్లర్ మాత్రం మిగిలిన ఒక్క స్కీ మీద, రేసు వేగంతో, మలుపులు తిరుగుతూ చాలా దూరం కిందికి వచ్చేశాడు. ఆ వీడియో చూసినవాళ్లంతా అతని నిలకడను మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. మనకు కావలసిన ప్రశ్న మాత్రం వేరు. మనిషి పడనే లేదు కదా, స్కీ ఎందుకు ఊడినట్టు?

బూటును స్కీకి పట్టి ఉంచే యంత్రం పేరు బైండింగ్. బూటు ముక్కును పట్టే ముందు భాగాన్ని టో అనీ, మడమను పట్టే వెనక భాగాన్ని హీల్ అనీ అంటారు. బూటు ముక్కును టోలోకి దూర్చి మడమతో ఒక్క తొక్కు తొక్కితే హీల్ టక్కున మూసుకుంటుంది. ఇక మనిషంత పొడవున్న స్కీ కాలికి అతుక్కుపోయినట్టే. ఈ యంత్రం చేయాల్సిన పనులు రెండు, రెండూ ఒకదానికొకటి పొసగనివి. స్కీయింగ్ చేస్తున్నంతసేపు బూటును వదలకూడదు. పడ్డామంటే వదిలి తీరాలి.

వదలకపోతే ఏమవుతుందో చిన్న లెక్కతో తెలిసిపోతుంది. స్కీ ముందు కొస బూటుకు దాదాపు మీటరు దూరంలో ఉంటుంది. ఆ కొస మంచులో ఇరుక్కుని పక్కకు పది కిలోల బరువంత తోపుడు పడిందనుకోండి. మీటరు పొడవున్న మీట కాబట్టి కాలి మీద వచ్చే మెలి బలం దాదాపు 98 న్యూటన్ మీటర్లు. మోకాలికీ చీలమండకూ మధ్య ఉండే టిబియా అనే పెద్ద ఎముక మెలితిప్పితే విరిగేది కూడా ఇంచుమించు ఆ చుట్టుపక్కలే. పది కిలోలంటే పిల్లవాడు చేత్తో తోసినంత. అందుకే పాతకాలపు స్కీ ఊళ్ల ఆసుపత్రుల్లో తాడు పేనినట్టు మెలికగా విరిగిన ఎముకలు అంత మామూలు.

1930లలో వాడుకలో ఉన్న కాందహార్ రకం బైండింగు మడమ చుట్టూ ఉక్కు తాడు వేసి స్ప్రింగుతో బిగించేది. వదలడమన్నది దాని లెక్కలోనే లేదు. నార్వేలో పుట్టి అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్థిరపడిన యాల్మార్ వామ్ అనే స్కీయర్‌కు 1937లో మౌంట్ హుడ్ మీద కాలు విరిగింది. ఆసుపత్రి మంచం మీద అతనికి తట్టిన ఆలోచనే పక్కకు తిరిగి బూటును వదిలేసే టో. 1939లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఫ్రాన్స్‌లోని నెవేర్‌లో లుక్ కంపెనీ స్థాపకుడు జాఁ బెయిల్ 1950లో నెవాడా టోను తెచ్చాడు. జర్మనీలోని గార్మిష్‌లో హానెస్ మార్కర్ 1952లో తన కంపెనీ మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లోనే ఆన్సీలో సాలమన్ కుటుంబం, ఆస్ట్రియాలో టైరోలియా కూడా ఈ రంగంలోకి దిగాయి. బజారులో ఈ నాలుగు పేర్లదే ఇప్పటికీ పెద్ద వాటా.

వదిలే బలాన్ని స్క్రూ తిప్పి మార్చుకోవచ్చు. బైండింగు మీద చిన్న కిటికీలో కనిపించే అంకె అదే. జర్మన్ ప్రమాణాల సంస్థ పేరు మీద దాన్ని ఊరంతా డిన్ అంటారు. అంకెను పదితో గుణిస్తే బూటు పక్కకు విడిపోవడానికి ఎన్ని న్యూటన్ మీటర్లు కావాలో ఇంచుమించుగా వస్తుంది. ఆరు పెడితే దాదాపు 60. ముందుకు బోర్లా పడి హీల్ విడిపోవడానికి అందుకు దాదాపు నాలుగు రెట్లు కావాలి. ఎవరికి ఎంత పెట్టాలో చెప్పే పట్టిక ఉంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అట్ట పొడవు, స్కీయింగ్ తీరు చెబితే అంకె వస్తుంది. తీరుల్లో మూడు రకాలు. 75 కిలోల మనిషి మొదటి రకం, అంటే నెమ్మదిగా జాగ్రత్తగా జారేవాడైతే 43 న్యూటన్ మీటర్ల దగ్గర వదిలేలా పెడతారు. అదే బరువున్నవాడు మూడో రకం, అంటే నిటారు కొండల మీద వేగంగా దూకుడుగా దిగేవాడైతే 58 దగ్గర. యాభై ఏళ్లు దాటినవారికి ఒక మెట్టు తగ్గిస్తారు. మూడో రకం అని సంతకం పెట్టేవాడు నిజానికి ఒప్పుకుంటున్నది ఇది: నా స్కీ అనవసరంగా ఊడే అవకాశం తగ్గించు, దానికి బదులుగా అవసరమైనప్పుడు ఊడని ప్రమాదాన్ని కొంత నేను భరిస్తాను.

ఈ మూడో రకం వాళ్ల గురించే ఈ అధ్యాయం. వాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. మంచి వేగంలో, గడ్డకట్టిన మంచు మీద, మలుపు మధ్యలో స్కీ ఊడిపోయింది. వాళ్ల చికిత్స కూడా ఒకటే. స్క్రూడ్రైవరు తీసుకుని అంకె పెంచడం. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని విసిగి, దాని స్థానంలో లావు తీగ చుట్టి పెట్టేవాళ్లు మన వీధుల్లో ఉండేవారు. లైటు ఆరదు నిజమే, ఈసారి కాలేది ఇంటి వైరింగు. డిన్ పెంచడం సరిగ్గా ఆ తీగ చుట్టడమే. ఊడింది అంకె తక్కువై కాకపోవచ్చు.

మరి ఎందుకు ఊడింది? ఇక్కడ కాలం లెక్కలోకి వస్తుంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. ఆ వేగంలో 30 సెంటీమీటర్ల మంచు గడ్డను దాటడానికి సెకనులో వెయ్యో వంతులు పన్నెండు చాలు. ఆ కాస్త వ్యవధిలో బూటు మీద పడే దెబ్బ పెద్దదే. కానీ అది అంతే వేగంగా పోతుంది కూడా. ఎముకకు ఒక మంచి గుణం ఉంది. మెరుపులా వచ్చిపోయే బలాన్ని, నెమ్మదిగా పెరిగి నిలబడిపోయే బలం కంటే బాగా తట్టుకుంటుంది. కాలిని విరిచేది ఆ రెండో రకమే. పడినప్పుడు కొస మంచులో గుచ్చుకుని, ఒంటి బరువంతా మెలితిరుగుతూ దాని మీద వాలినప్పుడు పడేది. కాబట్టి మంచి బైండింగు క్షణంలో పోయే దెబ్బను మింగేసి బూటును మళ్లీ నడిమధ్యకు తెచ్చుకోవాలి, నిలబడిపోయిన బలానికి మాత్రం లొంగిపోవాలి. ఇంతా చేసి దాని లోపల మెదడు లేదు, బ్యాటరీ లేదు. ఉన్నది ఒక స్ప్రింగు, ఒక క్యామ్.

ఆ పనిని స్ప్రింగు చేత చేయించేది దూరం. దెబ్బ తగిలినప్పుడు బూటు ఒక్కసారిగా ఊడిపోకుండా, స్ప్రింగును నొక్కుతూ పక్కకో పైకో కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది. దెబ్బ అయిపోతే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. హద్దు దాటితేనే విడిపోతుంది. ఆ జరిగే దూరాన్ని ఎలాస్టిక్ ట్రావెల్ అంటారు. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది శక్తి. రెండు బైండింగులకూ ఎనిమిదే పెట్టినా, ఎక్కువ దూరం జరగనిచ్చేది ఎక్కువ శక్తిని మింగుతుంది. పొట్టి ట్రావెల్ ఉన్న దాని మీద పది పెట్టినవాడి కంటే, పొడుగు ట్రావెల్ ఉన్న దాని మీద ఎనిమిది పెట్టినవాడికి స్కీ నిలబడే అవకాశమూ ఎక్కువే, కాలు దక్కే అవకాశమూ ఎక్కువే. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసే 16, 18 అంకెలు చూసి కొనేవాళ్లు ఈ దూరం సంగతి అడగరు. నా లెక్కలో దూకుడుగా స్కీయింగ్ చేసేవాళ్లు ముందు అడగవలసింది అదే.

ఆ పెద్ద అంకెల గురించి ఒక మాట. 6 నుంచి 16 దాకా ఉన్న బైండింగు కొని ఏడు మీద వాడేవాళ్లు చాలామంది. స్ప్రింగుకు దాని పరిధిలో మధ్య భాగం సుఖం. అడుగున పెట్టి వాడేవాడు అనవసరమైన బరువు మోస్తున్నాడు. ఎనిమిది, తొమ్మిది పెట్టుకునేవాడికి 13 దాకా వెళ్లేది హాయిగా సరిపోతుంది. 18 అన్నవి రేసర్ల కోసం, లేదా వంద కిలోల మనిషి బండరాళ్ల మీంచి దూకేటప్పటి కోసం. ప్రపంచ కప్ రేసర్లు అంత బిగించుకుంటారు కదా అంటారు కొందరు. వాళ్లు గంటకు 120 కిలోమీటర్లు దాటే వేగంలో గాజు లాంటి మంచు మీద దిగుతారు, దారి పొడవునా వలలు ఉంటాయి, కొండ కింద డాక్టరు ఉంటాడు. అక్కడ ఊడిన స్కీ, ఊడని స్కీ కంటే ప్రమాదం. ఆదివారం స్కీయింగ్‌కు వెళ్లేవాడి లెక్క అది కాదు.

అనవసరంగా ఊడడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. షాపువాళ్లకు బాగా తెలుసు, కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. స్కీ వంగుతుంది. మలుపులో, దూకి దిగినప్పుడు విల్లులా వంగుతుంది. వంగినప్పుడు టోకీ హీల్‌కీ మధ్య దూరం తగ్గి బూటు వెనక్కి నెట్టుకొస్తుంది. అందుకే హీల్‌ను ఒక పట్టా మీద స్ప్రింగుతో జరిగేలా అమరుస్తారు. ఆ స్ప్రింగు బూటును ఎప్పుడూ కొంత ముందుకు నొక్కుతూ ఉండాలి. దీనికి ఫార్వర్డ్ ప్రెషర్ అని పేరు. సరిగ్గా ఉందో లేదో చెప్పే చిన్న గీతో, కొలబద్దో హీల్ వెనక ఉంటుంది. బూటు తొడిగి తొక్కిన తర్వాత ఆ గీత దాని గూటిలో ఉండాలి. నొక్కు తక్కువైతే స్కీ వ్యతిరేక దిశలో వంగినప్పుడు బూటు వదులై, అంకె పది ఉన్నా ఊడుతుంది. ఎక్కువైతే పడ్డప్పుడు కూడా వదలదు. స్నేహితుడి బూటు తొడుక్కుని అతని స్కీ ఎక్కితే వచ్చే తంటా ఇదే. బూటు అట్ట పొడవు అయిదు మిల్లీమీటర్లు తేడా వచ్చినా గీత గూడు దాటిపోతుంది.

దూకుడు స్కీయర్లు చెప్పుకునే పేర్లలో ముందు వినిపించేది లుక్ పివట్. దీన్ని దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే దాని హీల్ మిగతావాటిలా ఉండదు. మడమ కింద గుండ్రటి బల్ల లాంటి లోహపు పీట, దాని మీద అటూ ఇటూ రెండు లోహపు చేతులు. వెనక నుంచి ఆ చేతులు బూటు మడమను కౌగిలించుకుంటాయి. పడ్డప్పుడు టో పక్కకు తెరుచుకుంటుంటే పీట కూడా బూటుతో పాటు తిరుగుతుంది, అదీ దాదాపు కాలి ఎముక నిలువు గీత మీదే. మిగతా రకాల్లో మడమ తన గూటిలోనే రాసుకుంటూ తిరగాలి, రాపిడి కొంత అడ్డుపడుతుంది. పైగా ఈ హీల్ స్క్రూలన్నీ మడమ కిందే పడతాయి కాబట్టి స్కీ తన వంపు తాను వంగుతుంది. హీల్ పైకి 28 మిల్లీమీటర్ల దాకా సాగుతుందని కంపెనీ చెబుతుంది. ఈ రంగంలో అది చాలా ఎక్కువ. లోపాలూ ఉన్నాయి. బరువు ఎక్కువ. లోతైన మెత్తటి మంచులో తొడుక్కోవాలంటే ఆ తిరిగే పీట తిన్నగా నిలబడక విసిగిస్తుంది. హీల్‌ను ముందుకూ వెనక్కీ జరిపే వీలు తక్కువ కాబట్టి బూటు సైజు బాగా మారితే స్కీకి కొత్త రంధ్రాలు వేయవలసిందే. పై తరగతి మోడళ్లలో టో కూడా లోహమే, కింది తరగతిలో ప్లాస్టిక్.

మార్కర్ జెస్టర్ 2007లో వచ్చింది. అప్పటికి స్కీలు వెడల్పవుతున్నాయి. వంద మిల్లీమీటర్లు దాటిన స్కీని గట్టి మంచు మీద అంచు మీదికి ఒరిగిస్తే బైండింగు పక్కలకు పీకుతుంది. అందుకని స్క్రూలను దూరం దూరంగా వేసే వెడల్పు పునాదితో దాన్ని తయారుచేశారు. సాలమన్ ఎస్‌టీహెచ్ 16 కూడా మొరటువాళ్లు మెచ్చిన బండే. టైరోలియా అటాక్ తేలికగా, ధర అందుబాటులో ఉంటుంది. ఎంపికలో వీటి మధ్య తేడా, సరిగ్గా అమర్చిన బైండింగుకూ తప్పుగా అమర్చిన దానికీ ఉన్నంత తేడా మాత్రం కాదు.

మన్నిక దగ్గరికి వస్తే, లోహం మంచిది ప్లాస్టిక్ చెడ్డది అన్న మాట సగమే నిజం. బైండింగుల్లో వాడేది గాజు పోగులు కలిపిన నైలాన్. మామూలుగా విరగదు. అయితే గడ్డ కట్టే చలిలో, సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. వందసార్లు దెబ్బతిన్న మూల ఆ రోజు చీలవచ్చు. లోహం అంత సులువుగా చీలదు. కానీ పోతపోసిన మెగ్నీషియం భాగంలోనూ కీళ్ల దగ్గర అరుగుదల తప్పదు. హీల్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. కొత్తదానిలో లేని లొడలొడ వినబడితే, అంచు మీద ఒరిగిన ప్రతిసారీ మీ కాలు చెప్పిన మాట స్కీకి ఆలస్యంగా చేరుతున్నట్టు. నా దృష్టిలో మన్నికంటే విరగకపోవడం ఒక్కటే కాదు. పెట్టిన అంకె దగ్గరే అయిదో ఏడాది కూడా వదలాలి. విరిగిన బైండింగు కంటికి కనిపిస్తుంది. ఏడు చూపిస్తూ పది దగ్గర వదిలేది కనిపించదు.

అలా దారి తప్పించేవి చిన్న చిన్నవి. టో కింద బూటు జారడానికి ఒక నున్నటి పలకో, కదిలే బిళ్లో ఉంటుంది. దాని మీద గీతలు పడితే బూటు జారదు, పక్కకు విడిపోవడానికి ఎక్కువ బలం కావాలి. కారు పైన తొడుగు లేకుండా స్కీలు కట్టుకెళ్తే రోడ్డు మీద చల్లిన ఉప్పు నీళ్లు లోపలికి చేరి గ్రీజును కడిగేస్తాయి, స్ప్రింగుకు తుప్పు పట్టిస్తాయి. అన్నిటికంటే ఎవరూ పట్టించుకోనిది బూటు. మామూలు ఆల్పైన్ బూటు అట్ట ముందు దాదాపు 19 మిల్లీమీటర్లు, మడమ దగ్గర 30 మిల్లీమీటర్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. పార్కింగ్ స్థలంలో తారు రోడ్డు మీద నడిచి నడిచి ముక్కు అరిగిన బూటుతో, ఎంత ఖరీదైన బైండింగైనా తప్పుడు లెక్కే చేస్తుంది. వేసవిలో స్క్రూలు విప్పి స్ప్రింగును వదులు చేయాలని ఒక నమ్మకం ఉంది. అక్కర్లేదు. ఉక్కు స్ప్రింగు ఆరు నెలలు నొక్కుడులో ఉన్నా అలసిపోదు. విప్పినవాడు శీతాకాలంలో తిరిగి బిగించడం మరిచిపోవడమే అసలు ప్రమాదం.

స్క్రూల పని కూడా షాపుకే వదిలేయాలి. లోపల టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమపు రేకు ఉన్న స్కీకి 4.1 మిల్లీమీటర్ల బిట్టు, రేకు లేని చెక్క గుండె స్కీకి 3.5 బిట్టు, లోతు తొమ్మిది మిల్లీమీటర్లు. తప్పు బిట్టు వాడితే రేకు ఉబ్బుతుంది, లేదా దూకి దిగిన రోజున బైండింగు మొత్తం పెకిలి వస్తుంది. బైండింగు బలహీనమని తిట్టుకునే చాలా సందర్భాల్లో తప్పు రంధ్రానిదే.

ఒక విషయంలో ఈ యంత్రం ఇప్పటికీ చేతులెత్తేస్తుంది. అమెరికాలోని వెర్మాంట్‌లో రాబర్ట్ జాన్సన్, కార్ల్ ఎట్లింగర్, జాస్పర్ షీలీ అనే ముగ్గురు 1972 నుంచి ఒక స్కీ కొండ మీద గాయాలను ఏళ్ల తరబడి లెక్కించారు. బైండింగులు మెరుగుపడ్డాక టిబియా విరగడం బాగా తగ్గింది. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం తగ్గలేదు, కొంతకాలం పెరిగింది కూడా. వెనక్కి కూర్చుండిపోతూ పడ్డప్పుడు స్కీ తోక మంచులో పట్టుకుని మోకాలిని మెలితిప్పుతుంది. ఆ బలం మడమకు దగ్గర్లో పడుతుంది, టో దాకా సరిగా చేరదు కాబట్టి టో కదలదు. హీల్ పక్కకు కూడా వదిలేలా వెర్మాంట్‌కే చెందిన నీబైండింగ్, తర్వాత టైరోలియా ప్రొటెక్టర్ ప్రయత్నించాయి. వదిలే దిక్కు ఇంకొకటి పెరిగిందంటే అనవసరంగా ఊడే దిక్కు కూడా పెరిగిందని దూకుడు స్కీయర్లు వాటికి కొంత దూరంగానే ఉంటున్నారు. వాళ్ల అనుమానాన్ని కొట్టిపారేయలేం.

సియాటిల్, డెన్వర్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు ఇప్పుడు క్రిస్మస్ సెలవుల్లో కొండెక్కుతున్నాయి, మన దేశంలోనే గుల్మార్గ్, ఔలీ వెళ్లేవాళ్లూ ఉన్నారు. అద్దె కౌంటరులో ఇచ్చే ఫారంలో బరువు, వయసు, స్కీయింగ్ తీరు అడుగుతారు. అక్కడ మొహమాటానికి బరువు తగ్గించి రాసినవాడికి స్కీ ఊరికే ఊడుతుంది. మొదటిసారి వచ్చి కూడా గొప్పకు మూడో రకం అని గీత పెట్టినవాడికి ఊడవలసినప్పుడు ఊడదు. ఉన్నదున్నట్టు రాయండి. సొంత స్కీలు ఉన్నవాళ్లు ఏటా సీజను మొదట్లో స్కీలతో పాటు బూట్లు కూడా షాపుకు తీసుకెళ్లి, టార్క్ కొలిచే యంత్రం మీద పరీక్ష చేయించండి. కిటికీలో కనిపించే అంకెను నమ్మకండి, యంత్రం చూపించిన న్యూటన్ మీటర్లు అడిగి తెలుసుకోండి. కంపెనీలు తాము బాధ్యత వహించే మోడళ్ల జాబితా విడుదల చేస్తాయి. మీ బైండింగు అందులోంచి తప్పుకుందని షాపువాడు ముట్టుకోకపోతే, వాడితో వాదించకుండా కొత్తది కొనుక్కోండి.